చంకెక్కే పద్ధతి

పిల్లల్ని చూసుకునే ఆ కేంద్రంలో ఆయా పనంటే ముఖ్యంగా ఎత్తుకోవడమే. నడుములో డిస్కు జారిన సంగతి తెలిస్తే మేడమ్ పొమ్మంటుందని ఆయా భయం. కిందపడ్డ బొమ్మల్ని కాలివేళ్లతో అందుకుంటుంది. “అక్క దొరసాని, నడుం వంచదు” అని తోటి ఆయాలు ఎగతాళి చేస్తారు. చేతులు చాచే పిల్లలకు పీటెక్కి, బల్లెక్కి, అక్కణ్నుంచి తన చంకెక్కడం నేర్పింది.

ఒకరోజు మేడమ్ గుమ్మంలో నిలబడి అదంతా చూసింది.

“ఎవరు నేర్పారు వీళ్లకిది?”

“నేనే మేడమ్. తప్పయితే మానిపిస్తాను.”

“మానిపించడమేంటి? ఎంచక్కా సొంతంగా ఎక్కుతున్నారు. మేడమీద పిల్లలైతే కదలనే కదలరు. రేపట్నుంచి వాళ్లనీ నువ్వే చూడు.”

“అలాగే మేడమ్.”

ఉద్యోగం పోలేదు. మేడమ్ వెళ్లాక ఆయా మెట్ల దగ్గరికి నడిచి, రెయిలింగు పట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టి చూసుకుంది.