మధ్య గొట్టం

పొయ్యిల టీచరుగారు పోయారని మొన్న ఉదయం ఆవిడ తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. గుండె ఆగిందట. రాజోలు వైపు మా పల్లెల్లో ఆవిడని అందరూ అలాగే పిలిచేవారు. బడిలో ఎప్పుడూ పాఠం చెప్పలేదు. తొంభైల్లో ప్రభుత్వం పొగలేని పొయ్యిల పథకం పెట్టినప్పుడు మా మండలంలో ఇంటింటికీ తిరిగి వాటిని కట్టించి, వాడడం నేర్పింది ఆవిడే. విలేకరిగా చేరిన కొత్తలో ఆ పథకం గురించి రాయడానికి వెళ్లి ఆవిడని కలిశాను.

ఏ ఇంటికెళ్లినా ముందు వంటగది కప్పుకి ఎంత మసి పట్టిందో చూసేవారు, ఆ తర్వాతే మనిషిని పలకరించేవారు. "మనిషి అబద్ధం చెప్తాడండీ, దూలానికి రాదు" అనేవారు. పొయ్యి పొగగొట్టంలో మసి దులపడానికి గుడ్డ చుట్టిన ఇనుప ఊచ ఎప్పుడూ చేతిలో ఉండేది. దానికీ టిక్కెట్టు తీసుకోమని బస్సు కండక్టరు ఏడిపించేవాడు. వాళ్ల అక్క పొయ్యి ముందే దగ్గి దగ్గి పోయిందని నాతో ఒక్కసారే అన్నారు.

మా ప్రాంతంలో కొబ్బరికాయల్ని వంటింటి అటక మీద నెలల తరబడి ఉంచి కురిడీ చేస్తారు. కింది పొయ్యి పొగే వాటిని ఆరబెడుతుంది. ఆ పొగ గొట్టంలోంచి బయటికి పోవడం మొదలయ్యాక, వానాకాలంలో అటక మీద కాయలు కుళ్లాయి. ఒకామె టీచరుగారిని గుమ్మంలోనే నిలబెట్టి నా ముందే అడిగింది.

"పొయ్యి బాగుందండీ, కాదన్లేదు. కుళ్లిన కాయలు తమరి పొయ్యేమన్నా కొనుక్కుంటుందాండీ?"

"తప్పు నాదేనమ్మా. కప్పు చూసేను గాని అటక మీద ఏముందో చూళ్లేదు" అన్నారు ఆవిడ.

ఆ ఏడే ఆడవాళ్లు ఉపాయం కనిపెట్టారు. గొట్టం మూడు ముక్కలు. అటక దగ్గరున్న మధ్య ముక్క తీసేశారు. పొగ మళ్లీ కాయలకి తగిలింది, అక్కణ్నుంచి వంటగదిలోకీ దిగింది. కప్పు మీది ముక్క మాత్రం కదపలేదు, తీస్తే వాన కారుతుంది. తీసిన ముక్కలు నూతి గట్ల దగ్గర తూములయ్యాయి.

ఆవిడ పథకం అధికారి దగ్గరికి వెళ్లారు. కురిడీలకి విడిగా పొగ పెట్టుకునేలా పెరట్లో నాలుగిళ్లకో పాక వేయిస్తే గొట్టాలు మళ్లీ బిగిస్తారని చెప్పారు. "మీ పని పొయ్యిలమ్మా. కొబ్బరికాయలు మన శాఖ కాదు" అన్నాడాయన.

తనిఖీకి వచ్చినవాళ్లు జీపు దిగలేదు. రోడ్డు మీంచే కప్పుల మీది గొట్టాలు లెక్కపెట్టుకుని వెళ్లారు. లక్ష్యం పూర్తయింది. పొగలేని మండలంగా ప్రకటించే సభలో ఆవిడకి శాలువా కప్పి మైకు ఇచ్చారు.

"శాలువాకి దణ్ణమండీ. చాలా ఇళ్లల్లో మధ్య గొట్టం లేదండీ. ఓసారి లోపలికొచ్చి చూడండి."

"ఆయ్, మా ఇంట్లోదీ లేదండీ" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం నవ్వారు. మైకు వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత ఆవిడకి పొయ్యిల పని ఇవ్వలేదు. మా పేపర్లో ప్రకటన మొదటి పేజీలో వచ్చింది. ఆవిడ మాట లోపలి పేజీలో వచ్చింది.

తర్వాతి దశాబ్దంలో మాటలు మారాయి. స్వచ్ఛ ఇంధనం, కర్బన ఉద్గారాల తగ్గింపు, ప్రాంతాలవారీ లక్ష్యాలు. పేద ఇళ్లకి గ్యాసు ఇచ్చే జాబితాలో మా మండలం చివరికి పోయింది. ఎందుకని అడిగితే, మీది పొగలేని మండలమే కదా అన్నారు. ఆ జవాబు ఆవిడకి చెప్పినప్పుడు వాళ్ల పెరట్లో కూర్చుని ఉన్నాం. దూరంగా చమురు కంపెనీ తవ్విన బావి దగ్గర గ్యాసు వృథాగా మండుతోంది. ఆవిడ అటే చూస్తూ, "లేని పొగ ఎంత దూరం పోయిందో చూసేరా" అన్నారు.

కురిడీల పాక ఊరు మొత్తమ్మీద ఆవిడ పెరట్లో ఒక్కటే ఉంది, సొంతంగా వేయించుకున్నది. మొన్న వెళ్లేసరికి వంటగది గోడలు సున్నం వేసినప్పటిలాగే తెల్లగా ఉన్నాయి. ఊచ తలుపు వెనక ఆనించి ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఆ గొట్టంలోంచి పొగ రావడం లేదు.

చుట్టుపక్కల కప్పుల మీద గొట్టాలు నిటారుగా ఉన్నాయి. వాటిలోంచీ రావడం లేదు. పొగ పెంకుల సందుల్లోంచి వస్తోంది. పక్కింటి వంటగదిలో ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఆవిడ ఇంటికి పంపాల్సిన అన్నం అక్కడే ఉడుకుతోంది.