డ్యూటీలో ఉన్న మనిషికి వదిలిన జాగా

బిలాస్‌పూర్‌లో నేను పెళ్లిళ్ల ఫొటోలు తీస్తాను. కాబట్టి కళాకారుణ్ణి కాదు. ఢిల్లీ నుంచి ఒక బృందం వచ్చి చెప్పేదాకా నాకీ సంగతి తెలియదు. వాళ్లు సామాన్యుల జీవితాన్ని ఫొటోలు, మాటలు, శబ్దాలు కలిపి కథలుగా చెబుతారట. సామాన్యులు ఎక్కడ దొరుకుతారో మాత్రం తెలియక నన్ను కుదుర్చుకున్నారు. నేను మా మేనత్త ఉండే రైల్వే క్వార్టర్ చూపించాను.

అత్త ఒక్క షరతు మీద ఒప్పుకుంది. "మీ మావయ్య రెస్టులో ఉన్నరోజు రమ్మనురా. ఆయన నిజంగా పక్కన నిలబడిన ఫొటో నాకొక్కటి కావాల. ఇన్నేళ్ల కాపురానికి ఒక్కటీ లేదంటే ఏటనుకుంటారు?"

మావయ్య గూడ్సు బండి నడుపుతాడు. బారసాలైనా పెళ్లయినా ఆయన డ్యూటీలోనే ఉంటాడు. మా తెలుగువాళ్ల రైల్వే కాలనీలో దీనికో పద్ధతుంది. డ్యూటీలో ఉన్న మనిషికి ఫొటోలో జాగా వదిలి నిలబడతారు, తరువాత స్టూడియోవాళ్లు ఆయన్ని అక్కడ అతికిస్తారు. మావయ్యను చాలాసార్లు నేనే అతికించాను. ఆయనది ఉన్నది ఒకే ఫొటో, డ్యూటీ కార్డు కోసం తీయించుకున్నది. అందుకని కూతురి పెళ్లిలోనూ, మనవడి అన్నప్రాసనలోనూ ఆయన ఏదో నేరంలో దొరికిపోయినట్టు ఒకటే మొహం పెట్టుకుని ఉంటాడు. మనవడు పెరుగుతున్నాడు గానీ మావయ్యకు వయసు రావడం లేదు.

బృందం వచ్చేరోజున ఆయనకు రెస్టే. పొద్దున్నే ఫోన్ వచ్చింది, బండి నడపడానికి మనిషి లేడని. మావయ్య వెళ్లిపోయాడు.

వస్తున్నామని ముందే చెప్పడంతో సామాన్య జీవితం కూడా ఆయనతోపాటే ఇల్లు ఖాళీ చేసింది. దండెం మీద బట్టలు లేవు. మంచం కింద ఉల్లిపాయల బుట్ట లేదు. అత్త పట్టుచీర కట్టింది. బృందం పెద్ద, మండుటెండలో కూడా మెడకు కండువా చుట్టుకునే మనిషి. ఆ చీర చూసి కంగారుపడి, కాస్త వెలిసిన చీర ఉంటే బాగుంటుందన్నాడు. ఆ మాట నేను తెలుగులో చెప్పాను.

"వెలిసిన చీరతో ఫొటో దిగడానికి నాకేటి ఖర్మ?" అంది అత్త. చివరికి రోజూ కట్టే చీర, పట్టుజాకెట్టు దగ్గర రాజీ కుదిరింది.

తరువాత కుక్కర్ కూత కావాలన్నారు. ఒక కూతకు వీధిలో స్కూటర్ అడ్డొచ్చింది, ఇంకోదానికి ఎవరో దగ్గారు. పప్పు పాయసమయ్యేదాకా అత్త ఓపిక పట్టింది. నీలం ప్లాస్టిక్ బకెట్ కంటికి నదురుగా లేదని తీసేసి, పక్కింట్లోంచి ఇత్తడి బిందె తెప్పించారు. ఇలా సహజత్వమంతా సిద్ధమయ్యాక ఇంట్లోవాళ్లందరినీ ఇంటిముందు నిలబెట్టారు.

అత్త తనకూ కొడుక్కీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా వదిలింది. మావయ్య వచ్చాక నిలువెత్తు ఫొటో తీసి అక్కడ పెట్టమని నాతో చెప్పించింది. బృందం పెద్ద ఆ మాట సగమే విన్నాడు. జాగా చూసి ఆయన కళ్లు చెమర్చాయి. "శూన్యం!" అన్నాడు. దాన్ని ఫొటోకి సరిగ్గా నడిమధ్యలోకి తెచ్చి మరీ తీశాడు.

కొన్నాళ్లకు అది ఇంటర్నెట్‌లోకి వచ్చింది. వెనక వినబడే శబ్దాల్లో దూరంగా రైలు, దగ్గరగా వేణువు, నడుమ మా అత్త కుక్కర్ కూత. కింద ఇంగ్లీషులో "అతను లేని ఇల్లు" అని రాశారు. శ్రీకాకుళంలో ఉన్న చుట్టాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"ఎప్పుడు పోయాడమ్మా? మాకొక్క మాటైనా చెప్పకూడదేటి?"

"పోడమేటి! స్నానం చేస్తన్నారు. అచ్ఛా, ఉండండి, పిలుస్తాను."

మావయ్య తువ్వాలు చుట్టుకుని వచ్చి, తాను బతికే ఉన్నానని వరసబెట్టి అందరికీ చెప్పుకున్నాడు. కొందరు పూర్తిగా నమ్మినట్టు లేదు. అత్త నవ్వుతూనే మాట్లాడేది. ఫోన్ పెట్టేశాక మాత్రం బొట్టు తడుముకునేది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

మావయ్య ఫొటో పంపిస్తాను, అందులో పెట్టండని బృందం పెద్దకు ఫోన్ చేశాను. వాస్తవాన్ని మార్చడం తమ సిద్ధాంతానికి విరుద్ధమన్నాడు. ఇత్తడి బిందె సంగతి గుర్తు చేశాను. అది సౌందర్యానికి సంబంధించిన విషయమట.

తరువాత మా ఊళ్లోనే ఒక హాల్లో ప్రదర్శన పెట్టారు. అత్త పట్టుచీరలో వచ్చింది. గోడంత ఫొటో, దాని మధ్యలో నిలువెత్తు ఖాళీ. అత్త కుర్చీ లాక్కుని గుమ్మంవైపు చూస్తూ కూర్చుంది.

మావయ్య డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది, భుజాన బరువైన సంచీ. అత్త లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, అడ్డంగా కట్టిన తాడు దాటించి, సరిగ్గా ఆ ఖాళీ ముందు నిలబెట్టింది. పక్కన తాను నిలబడింది. "తియ్యరా!" అంది నాతో.

బృందం పెద్ద పరుగెత్తుకొచ్చాడు. ఫొటో కనబడటం లేదు, కాస్త తప్పుకోమన్నాడు.

"నువ్వే తప్పుకో బాబూ," అంది అత్త. ఆ మాట నేను హిందీలో చెప్పలేదు, అయినా ఆయన తప్పుకున్నాడు.

కెమెరా చూడగానే మావయ్య అలవాటుగా డ్యూటీ కార్డు మొహం పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బిగుసుకుపోయాడు.

"అలగ కాదు. ఇంటికాడ ఎలగుంటారో అలగుండండి," అంది అత్త.

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "ఇంటికాడ ఎప్పుడున్నానే?" అన్నాడు.

అత్త నవ్వలేదు. ఆయన భుజం మీది సంచీ తీసి తన భుజానికి తగిలించుకుంది. నేను అప్పుడు తీశాను. నాకు కళ్లు మసకబారాయి గానీ, ఫొటో బాగానే వచ్చింది.