జేజి వడ్డించిన బారిస్టరు చదువు

ఒకప్పుడు కర్నూలు జిల్లాలో సముద్రం దాటి చదువుకోవాలనుకున్నవాడెవడైనా ముందు నా దగ్గరికే వచ్చేవాడు. ఏ దేశంలో ఏ చదువుంది, చేరడానికి ఏం కావాలి, చేరాక ఏం చేయాలి, అంతా నాకు కంఠస్థం. తండ్రులు బండ్లు కట్టుకుని వచ్చి నా గుమ్మం ముందు బారులు తీరేవాళ్లు.

బారులు అన్నాను గానీ వచ్చింది ఒక్క బండి. గుమ్మం కూడా నాది కాదు, మా వకీలుగారిది. నేను ఆయన గుమాస్తాను. కంఠస్థం సంగతీ చెప్పేస్తాను. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు, బయటి దేశాల నుంచి వచ్చే విద్యార్థులకు తమ దగ్గర ఏయే చదువులున్నాయో అచ్చువేసిన పుస్తకం ఒకటి మా ఆఫీసులో ఉండేది. వకీలుగారు అల్లుడి కోసం తెప్పించారు. అల్లుడు పోలీసు ఉద్యోగంలో చేరిపోయాడు. పుస్తకం దుమ్ము దులిపే పని నాకు మిగిలింది. దులిపేటప్పుడు విషయసూచిక చదివాను. నా పాండిత్యమంతా ఆ రెండు పుటలు.

ఆ ఒక్క బండీ మా కక్షిదారుది. ఓర్వకల్లు దాటి బనగానపల్లె దారిలో వాళ్ల ఊరు. ఊరిపేరు చెప్పను, ఆ ఇంటివాళ్లు ఇంకా వ్యాజ్యాల్లోనే ఉన్నారు. చేనిగట్టు ఒకటి ఎవరిదన్న కేసు అప్పటికి ఇరవై ఏళ్లుగా నడుస్తోంది. ఆ సంవత్సరం అవతలి పక్షం మద్రాసు నుంచి బారిస్టరును దింపింది. మా వకీలుగారు పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా మాట్లాడారు. జడ్జిగారు పంకా వైపు చూస్తూ విన్నారు. బారిస్టరు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. జడ్జిగారు ఆయన వైపు చూసి నవ్వారు. కేసు పోయింది, ఇక అప్పీలే మిగిలింది.

మెట్లు దిగుతూ కక్షిదారు నన్ను అడిగాడు.

"మాట్లాడినోడు ఓడిపాయ, గమ్మునున్నోడు గెలిచె. ఆ గమ్మునుండే చదువు యాడ చెప్తారప్పా?"

"లండన్లో" అన్నాను.

"మావోడు బి.ఏ. ప్యాసై ఇంట్లోనే ఉండాడు. ఆ పుస్తకం ఎత్తుకోని రా."

వెళ్లాను. వాళ్ల ఇంటి వసారాలో చాప పరిచారు. కక్షిదారు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై ఏళ్ల కొడుకు స్తంభం దగ్గర నిలబడ్డాడు. గడప లోపల కక్షిదారు తల్లి వేరుశనక్కాయలు ముందేసుకుని చెనిగ్గింజలు వొలుస్తోంది. ఇంట్లో అందరూ ఆమెను జేజి అనేవాళ్లు. పొలాలన్నీ కేసు తినేసినా మామిడితోట మాత్రం నిలిచింది, ఎందుకంటే అది జేజి పేరున ఉంది. పిల్లవాణ్ని ఓడ ఎక్కించాలంటే ఆ తోట గుత్తకిచ్చి డబ్బు తేవాలి. అంటే ఆమె సరే అనాలి. చదువులు కక్షిదారుకు వినిపిస్తున్నట్టు నటిస్తూ నేను గడప లోపలికే వినిపించాను.

"వైద్యం" అన్నాను.

"వద్దు" అన్నాడు కక్షిదారు. "డాక్టరైతే మనోళ్లకీ చూడల్ల, అవతలోళ్లకీ చూడల్ల. అది కుదర్దు."

"భూగర్భశాస్త్రం. రాళ్ల గురించి."

"ఓర్వకల్లు కాడ కావల్సినన్ని ఉండాయి. టిక్కెట్టు లేకుండా చూడచ్చు."

"ఉపాధ్యాయ శిక్షణ."

కక్షిదారు పుట తిప్పమని చేత్తో సైగ చేశాడు. కొడుకు మాత్రం చిన్నగా దగ్గాడు.

"న్యాయశాస్త్రం" అనగానే కక్షిదారు చెయ్యి చాపి పుస్తకం మూసేశాడు. అదే కావాలన్నాడు. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. కానీ పండితుణ్ని కదా, పుస్తకం మళ్లీ తెరిచి, ఆ పుట చదివి చెప్పాను. బారిస్టరు కావాలంటే పరీక్షలు మాత్రమే చాలవు. లండన్లో న్యాయవాదుల సంఘం హాల్లో, ఏడాదిలో ప్రతి విడతకూ ఇన్నని, భోజనాలకు హాజరు కావాలి. ఆ భోజనాలు లెక్కకు రాకపోతే పట్టా రాదు.

చెనిగ్గింజలు వొలిచే చప్పుడు ఆగింది.

"తినేది గూడ చదువేనా?" అంది జేజి.

"అవునవ్వా."

"ఏం పెడ్తారు?"

తెలియదని చెప్పవలసింది. తెలియదు అనే మాట ఆ వయసులో నాకు నోట్లో తిరిగేది కాదు. "ఎక్కువగా గొడ్డుమాంసం" అన్నాను.

కక్షిదారు నా వైపు చూసిన చూపు, ఇరవై ఏళ్లలో అవతలి పక్షం వైపు కూడా చూసి ఉండడు. గబగబా ఆ పుటలో మిగతాది చదివాను. తినడం తప్పనిసరి కాదట. భోజనానికి ముందు ప్రార్థన చదివేటప్పుడు కూర్చుని ఉండాలి, చివరి ప్రార్థన అయ్యాక పెద్దలు లేస్తే లేవాలి. మధ్యలో తిన్నాడా లేదా అన్నది ఎవరూ అడగరు.

"ముట్టకుండా కూచుంటే సాల్నా?"

"చాలవ్వా."

"పెట్టిందాని ముందర కూచోని తినకుండా లేసేది" అంది జేజి, ఒక్కొక్క మాటా వేరు చేసి, "మన పక్క ఎవురన్న చేస్తే వాళ్లింటికి మల్ల పోతామా?"

ఆమె తప్పు పట్టడం న్యాయమే. మా పక్క తిట్టినా మర్చిపోతారు గానీ, విస్తరి ముందు నుంచి తినకుండా లేచిపోతే మనవళ్ల కాలం దాకా చెప్పుకుంటారు.

కాసేపటికి ఆమే దారి చూపించింది. "వాడు తిండి ముందర కూచోగల్డేమో నేను చూడల్ల. నేనే వొండుతా, నేనే వడ్డిస్తా. వారం దినాలు మద్యాన్నం ముట్టకుండ కూచోని, అందరూ లేసినాక లేస్తే పోనీ. సెయ్యి తగిలిస్తే ఈడనే ఉండల్ల."

శిక్షణకు నన్ను నియమించారు. కలెక్టరుగారి బంగళాలో దొరలతో కలిసి తిన్న అనుభవం ఉందని చెప్పి ఆ పని సంపాదించాను. నిజానికి గుంతకల్లు స్టేషన్లో తెల్లవాళ్లు తినే గది కిటికీ బయట నిలబడి, రైలు కూత వేసేదాకా చూశాను. నాకు తెలిసిందల్లా వాళ్లు కత్తి కుడిచేత్తోనూ ముళ్ల చెంచా ఎడమచేత్తోనూ పట్టుకుంటారని. అవి రెండూ బజార్లో కొని తెచ్చి, కేసు కాగితాల బల్ల ఖాళీ చేయించి, మొదటిరోజు పిల్లవాడితో సంగటి మీద సాధన చేయించాను. ముళ్ల చెంచా సంగటిలోకి దిగింది. బయటికి రాలేదు. లాగితే ముద్ద మొత్తం గిన్నెతో సహా లేచింది. జేజి చూసి, "అది తవ్వేదానికా, తినేదానికా?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పాఠం అక్కడితో ఆపేశాను.

సాయంత్రం బావి దగ్గర పిల్లవాడు నాతో అన్నాడు.

"అన్నా, నాకు ఆ కేసూ వద్దు, బారిస్టరూ వద్దు."

"మరి ఏంటికి ఒప్పుకుంటివి?"

"పదేండ్లప్పటినుంచి కాగితాల సంచి మోస్తాండా. మా నాయన పోతే కేసు నాకొస్తాది, నేను పోతే నా కొడుక్కి. బారిస్టరైతే అదే సంచి కోటేసుకోని మోస్తా. అయినా పోతా. మూడేండ్లన్నా సంచి లేకుండా ఉంటాది గదా."

"ఆ మాట మీ నాయనతో చెప్పు."

"వింటాడా?"

వినడు. నేను గుమాస్తాను, నాకు తెలుసు.

మర్నాటి నుంచి పరీక్ష మొదలైంది. జేజి ఆ వారం వండినట్టు వాళ్ల ఇంట్లో పెళ్లికి కూడా వండలేదట. మొదటిరోజు సంగటి, నాటుకోడి పులుసు. తర్వాత వంకాయ కూర, కొర్రన్నం, వెల్లుల్లి ఎక్కువేసి దంచిన ఊరిబిండి పచ్చడి. ఒకరోజు నేతిలో మునిగిన ఓళిగలు, అవే బొబ్బట్లు, పక్కన చెంబెడు మామిడిరసం. పిల్లవాడు పీట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా గోడను చూసేవాడు. శిక్షకుడిగా నేను పక్కనే కూర్చుని, ఏదీ వృథా కాకుండా చూసేవాణ్ని. చాలా కష్టం మీద తిన్నానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూ వచ్చాను. అది అబద్ధం. మూడోరోజుకే పంచె ముడి వదులు చేసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో పిల్లవాడికి పొద్దున్నే బావి దగ్గర జొన్నరొట్టెలు పెట్టింది నేనే. జేజికి ఎలా తెలిసిందో తెలియదు. ఒక పొద్దున వాణ్ని పిలిచి, చీకటితోనే తన దగ్గర కూర్చోబెట్టుకుని, ధాన్యం చెరిగించింది. మధ్యాహ్నం దాకా కదలనివ్వలేదు. ఆనాటి నుంచి వాడు నిజంగానే ఆకలితో కూర్చున్నాడు. అయినా చెయ్యి కదల్లేదు. కక్షిదారు మీసం తడుముకుంటూ, "మావోడు జడ్జీ ముందర గూడ ఇట్లనే కూచుంటాడు" అన్నాడు.

ఆఖరిరోజు మళ్లీ సంగటి, కోడి పులుసు. అందరికీ వడ్డించాక జేజి ఒక పీట తెచ్చి, మనవడికి ఎదురుగా వేసుకుని, తనకూ వడ్డించుకుంది. ఆమె ఎప్పుడూ అందరూ తిన్నాక తినేది. ఆ ఇంట్లో మగవాళ్లతో కూర్చోవడం అదే మొదలు. వడ్డించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

తల్లి ముట్టకుండా కక్షిదారు ఎలా ముడతాడు. ఆయనా ఆగిపోయాడు. తిన్నది నేనొక్కడినే. ఆ సంగతి నా గిన్నె ఖాళీ అయ్యాక గమనించాను.

"పెద్దోళ్లు లేసిందాకా లేయకూడదని గదా నీ పుస్తకంలో ఉండేది?" అంది నాతో.

"అవునవ్వా."

"నేను లేయను."

ఎండ గడప మీద నుంచి పీటల మీదికి వచ్చింది. పులుసు మీద నూనె గడ్డకట్టింది. సంగటి పైన తోలులాగా ఎండింది.

"ఆకలైతాందా?" అంది జేజి మనవడితో.

"లేదు జేజీ."

"నాకైతాంది."

"తిను."

"నువ్వు తింటే తింటా."

"నేను తింటే పోనియ్యవు గదా."

"పోనియ్యను."

వాడి కళ్లు గోడ మీది నుంచి ఆమె మీదికి వచ్చాయి. నీళ్లు తిరిగాయి గానీ చెయ్యి మాత్రం లేవలేదు. ఆమె వాణ్ని చాలాసేపు చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"వీడు కూచుంటాడు. నేనాడ లేకపోయినా మూడేండ్లు ఇట్లనే కడుపు మాడ్చుకోని కూచుంటాడు. కూచోలేడనుకుంటి, కూచుంటాడు. అందుకే ఆ చదువు వద్దు." నా వైపు తిరిగింది. "ఏమప్పా, పస్తుండే చదువు తప్ప ఇంగేం లేదా ఆ పుస్తకంలో? ఆ పుట తర్వాత ఏముండాదో చదువు."

న్యాయశాస్త్రం తర్వాత ఇంజనీరింగు, దాని తర్వాత వ్యవసాయం. వ్యవసాయం అనగానే ఆమె తల ఎత్తింది. ఇక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. ఆ చదువుకు భోజనాల నియమం లేదనీ, విద్యార్థి తన సంగటి తాను వండుకోవచ్చనీ, మామిడికి ప్రత్యేకంగా ఒక శాఖే ఉందనీ, అందులో ఆచార్యుడికి మన బనగానపల్లె పండు పేరు బాగా తెలుసుననీ చెప్పాను. పుస్తకంలో ఉన్నది వ్యవసాయం అన్న ఒక్క మాట. పిల్లవాడు తిరిగి వచ్చాక చెప్పాడు, మూడేళ్లూ గొర్రెల గురించీ ముల్లంగి లాంటి దుంపల గురించీ చదివాననీ, మామిడిచెట్టు మళ్లీ చూసింది బొంబాయిలో దిగాకేననీ. నా మీద కోపం మాత్రం పెట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం అంత కోపమూ కక్షిదారుదే.

"సేద్యానికి సముద్రం దాటల్నా? చెట్లకు నీళ్లు పోసేది లండన్లో నేర్పిస్తారా? కేసు ఎవురు చూస్తారు?"

"నువ్వు చూస్తాండావు గదా ఇరవై ఏండ్లనుంచి" అంది జేజి. "అది అయిపోతే మల్ల నీకేం పని?"

ఆయన గోడ వైపు తిరిగాడు. ఆమె మనవడితో, "తోట గుత్తకిస్తా. పోయి చెట్ల చదువు చదువుకోని రా. ఇంగ తిను" అంది.

వాడు వెంటనే తినలేదు. తండ్రి వైపు చూశాడు. కక్షిదారు గోడ వైపు తిరిగి ఉన్నాడు. అప్పుడు జేజి తన ముద్ద తుంచి పులుసులో ముంచింది. అది చూసి వాడూ ముంచాడు. ఆ తర్వాత వాడు తిన్న తీరు రాయడం నాకు చేతకాదు. రెండోసారి వడ్డించేలోపే గిన్నె తుడిచినట్టైంది.

కక్షిదారు మాత్రం కదల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నిటారుగా, గోడను చూస్తూ కూర్చున్నాడు. ఆయన తినకపోతే ఒప్పుకోనట్టే, ఒప్పుకోకపోతే తోట ఎవరి పేరున ఉన్నా పిల్లవాడు గడప దాటడు. వాడికది తెలుసు. నములుతూ ఆగిపోయి, తండ్రి చేతుల వైపే చూస్తున్నాడు.

జేజి కూడా కొడుకును కాసేపు చూసింది.

"నీకు బాగా వస్తాండాది" అంది. "నువ్వే పోప్పా బారిస్టరుకు."

నాకు నవ్వొచ్చింది. నవ్వలేదు, ఎందుకంటే ఆయన ఇంకా మా కక్షిదారు. ఆయన మీసం ఒకటి రెండుసార్లు కదిలింది. చాలాసేపటికి చెయ్యి ఒళ్లోంచి వచ్చి, ఎండిన సంగటిని గిల్లింది. చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు.

"పులుసు సల్లగై పోయిండాది" అన్నాడు, గోడతోనే.

జేజి గిన్నె ఎత్తుకుని పొయ్యి దగ్గరికి లేచి వెళ్లింది. పెద్దలు లేస్తే భోజనం ముగిసినట్టని పుస్తకంలో ఉంది. ఎవరూ లేవలేదు.