పుండు మానినా జబ్బు మానదని చెప్పిన బ్లెస్సీ

నేను ఖాజాగూడ బడిలో ఏడో తరగతి వరకే చదివాను. అయినా మాదాపూర్ క్యాబ్ స్టాండుకు నీడ, నల్లా, మరుగుదొడ్డి తెప్పించింది నేనే. డ్రైవర్ల సంఘానికి మూడుసార్లు అధ్యక్షుణ్ని. ఇన్ని చేసినవాణ్ని, ఇవాళ ఒక నర్సమ్మ గొప్ప చెప్పడానికి కూర్చున్నాను. ఆమె పేరు బ్లెస్సీ.

ఆమెది ఒంగోలు పక్క పల్లె. ఆసుపత్రి ఆయాగా చేసిన తల్లి కృపమ్మ జీతంతోనే చదువుకుని, మా బస్తీ దవాఖానలో చేరింది.

మా స్టాండులో టిఫినే కాదు, మందుచీటీ కూడా ఉమ్మడే. ఒకరికి రాసిన మాత్రలు ఇంకొకరు మింగుతారు. మా స్టాండు డ్రైవరు వేణు కూడా అంతే. పేరు మార్చాను, అతన్ని అడిగే రాస్తున్నాను. మర్మస్థానంలో నొప్పిలేని పుండు లేస్తే, తోటి డ్రైవరు చీటీతో మాత్రలు కొనుక్కున్నాడు. పుండు మానింది, అతను మరిచిపోయాడు. కొన్నాళ్లకు గర్భవతైన భార్య రేఖ రక్తపరీక్షలో సిఫిలిస్ బయటపడింది. బ్లెస్సీ భర్తను రమ్మంటే వేణు కదలలేదు. రేఖ ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. నేనే అతన్ని బండెక్కించాను.

"నాకేం లేదు కాకా, ఎప్పుడో తగ్గింది."

"తగ్గితే భయమెందుకురా? సూదికి జడిసేటోనివి ఔటర్ రింగు మీద బండెట్ల తోలుతున్నవ్?"

దవాఖానలో బ్లెస్సీ నన్ను బయట కూర్చోమంది. వేణు ఒప్పుకోలేదు. "కాకా ఉండనీ సిస్టర్" అని, పాత పుండు సంగతి చెప్పాడు.

"ఆ పుండు మందు వేయకపోయినా మానుతుందండీ. జబ్బు మాత్రం రక్తంలోనే ఉంటుంది. మీ నుంచి ఆమెకు, ఆమె నుంచి కడుపులో బిడ్డకు పోతుంది. వైద్యం లేకపోతే బిడ్డ దక్కకపోవచ్చు."

"అయితే ఆమెకే సూది ఇయ్యుండ్రి."

"ఇస్తామండీ. మీరు వేయించుకోకపోతే మళ్లీ మీరే అంటిస్తారు. ఇంట్లో ఇద్దరికి గజ్జి ఉంటే ఒకరికే మందు రాస్తారా?"

వేణు తల దించుకున్నాడు. "ఎవరికీ తెల్వద్దు సిస్టర్."

"నా నోట రాదండీ. మీరు ఇంకెవరితోనైనా ఉంటే వాళ్లనూ పరీక్షకు పంపండి. పేరు నాకక్కర్లేదు."

అతను చొక్కా చెయ్యి మడిచి, రక్తపరీక్షకు చెయ్యి చాపాడు. డాక్టరు చెప్పిన సూదులన్నీ ఇద్దరూ వేయించుకున్నారు. డాక్టరు సరేననే దాకా ఒకరికొకరు దూరంగా ఉన్నారు. బిడ్డ పుట్టాక బిడ్డకూ పరీక్షలు చేశారు. పాప ఆరోగ్యంగా ఉంది. అప్పటి నుంచి స్టాండులో నేనే చెబుతున్నాను: కండోమ్ వాడండి, అనుమానముంటే పరీక్ష చేయించుకోండి, ఒకరి మాత్రలు ఒకరు మింగకండి.

పాపను ఉయ్యాలలో వేసిన రోజు బ్లెస్సీ వచ్చింది. నేను పట్టు శాలువా తీశాను.

"నలుగుర్ల నిన్ను సన్మానిస్త బిడ్డా."

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "ఎందుకు కప్పారని ఆ నలుగురూ అడుగుతారు తాతయ్యగారూ. ఏం చెబుతారు?"

ఎన్నో వేదికల మీద మాట్లాడినవాణ్ని, విప్పిన శాలువా మళ్లీ మడత పెట్టాను. రేఖ వచ్చి నా చేతిలోని శాలువా తీసుకుంది. అందులో పాపను చుట్టి, బ్లెస్సీ ఒళ్లో పెట్టింది.