పాట ఆగిన పడవ

మొన్న పొద్దున పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ప్లగ్గు దగ్గర కాలిన వాసన వచ్చింది. స్విచ్చి ఆపేసి, మా నారాయణగూడ ఫ్లాటులో కిటికీలన్నీ తెరిచాక కూడా ఇంట్లోని ప్లగ్గులన్నీ ఒక్కొక్కటే పీకేశాను. వైరు కాలే ఆ వాసన నాకు బాగా తెలుసు. కొన్నేళ్ల కిందట ఒక చెరువు నడిమధ్యన, మా చిన్నాయన పడవలో కూర్చుని పీల్చాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. అశోక్‌నగర్‌లో ఇల్లు. రిటైరయ్యాక ఆయన ఈడువాళ్లంతా తీర్థయాత్రలకు బయలుదేరితే, ఆయన మాత్రం ఎవరో వాడి వదిలేసిన మోటారు పడవ కొని, ట్రాలీ మీద తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. ఆ వీధి నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలు. చాయ్ గ్లాసులతో వచ్చి చుట్టూ మూగి, "అంకుల్, ఇది ఏడ నడుస్తది?" అని అడిగేవాళ్లు. చిన్నమ్మ సిగ్గుతో పది రోజులు గేటు దాటలేదు. ఆయన ఇవేమీ పట్టించుకోకుండా పలకలకు రంగు వేసి, వీధి గణపతి మండపంలో వాడే పాత స్పీకరును తెచ్చి పడవ ముందు భాగాన బిగించాడు. ముప్పై ఏళ్లుగా మండపానికి లైట్లూ మైకూ కట్టేది ఆయనే. ఆ చేతికి తిరుగులేదని వీధంతటికీ నమ్మకం, అందరికన్నా ఎక్కువగా ఆయనకు.

ఊరి బయట ఆయన స్నేహితుడి పొలం పక్కన చెరువుంది. మొదటి ఆదివారం చిన్నమ్మనూ నన్నూ ఎక్కించుకున్నాడు. ముగ్గురిలో ఒక్కరికీ ఈత రాదు. నీళ్ల మధ్యకు వెళ్లాక గొప్పగా పాట పెట్టాడు. సగంలో ఆగిపోయింది. వెంటనే ఆ వాసన. చిన్నమ్మ కొంగుతో ముక్కు మూసుకుంటే, "మోటరుకు గట్లనే వాసనొస్తది, ఏం కాదు" అన్నాడు. వచ్చే ఆదివారం ఇంట్లో పిల్లలందరినీ ఎక్కిస్తానని మాటిచ్చి ఉన్నాడు. పాట లేని షికారేమిటని, రాంనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు.

అతను అరవై దాటిన మనిషి, మాట తక్కువ. స్పీకరును ముట్టుకోనే లేదు. దాని వైరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, జపమాల తిప్పుతున్నట్టు జానెడు జానెడు వెనక్కి పోయాడు. వైరు అడుగు పలకల కిందికి దూరింది.

"ఇది లేపాలె సార్."

"జర స్పీకర్ ఒక్కటే చూడన్నా, కొత్త రంగు ఖరాబైతది" అన్నాడు చిన్నాయన. అతను వినలేదు. పలక లేపాడు.

వంగి చూశాం. పలక అడుగున మూరెడు పొడవున నల్లగా కాలిన గీత. వైరు పైతోలు కరిగి లోపలి రాగి బయటపడింది. ఆ గీత పెట్రోలు పైపుకు నాలుగు వేళ్ల దూరంలో ఆగి ఉంది. నేనూ చిన్నమ్మా కాళ్లు చాపుకుని కూర్చున్నది సరిగ్గా ఆ పలక మీదే.

ఫ్యూజు లేదు. వైరును నేరుగా బ్యాటరీ తీగకు మెలిపెట్టి టేపు చుట్టారు. మోటారు అదురుకు వైరు ఒరుసుకుపోయి కాలడం మొదలైంది. అదే అదురుకు ఆ మెలి ఊడి కరెంటు తెగిపోయింది. ఊడిన కొసను ఎలక్ట్రీషియన్ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇసొంటి జాయింటు నా జిందగీల చూడలే సార్. గట్టిగ కట్టి ఉంటే మీరు ఉండకపోదురు. పాట ఆగింది చూడు, గప్పుడే మీరు బతికిన్రు" అన్నాడు. దాన్ని చిన్నాయన ముందుకు చాపి, "పడవ అమ్మినోళ్లు కట్టిన్రా?" అని అడిగాడు.

చిన్నాయన ఆ కొస మీది నుంచి చూపు తిప్పలేదు. "నేనే కట్టిన" అన్నాడు.

కోప్పడుతుందనుకున్న చిన్నమ్మ మెల్లగా అడిగింది, "మండపానికి గూడ ఇట్లనే కట్టిన్రా?"

ఆయన అవునన్నట్టు తలూపాడు. అది చూశాక గానీ నాకు అసలు భయం తెలియలేదు. వానలో తడిసిన తలలతో, ప్రసాదం అంటిన చేతులతో మేమంతా ఆ వైర్ల కిందే పెరిగాం.

పిల్లలు వారం ఆలస్యంగా, కొత్త వైర్లతో, లైఫ్ జాకెట్లతో పడవెక్కారు. పాట లేదు. ఆ ఏడాది నుంచి మండపం పని రాంనగర్ అన్నకు అప్పగించి, చిన్నాయన నిచ్చెన పట్టుకుని నిలబడుతున్నాడు. ఆయన్ని అలా చూసినప్పుడల్లా గడిచిన ఏళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది నాకు. ఏమీ జరగలేదని మనం మరిచిపోయిన రోజుల్లో, జరగబోయి ఆగిన రోజులు ఎన్నున్నాయో!