సీతాఫలాలు మగ్గేలోగా

ఈ సాయంత్రం బడి నుంచి వచ్చి, తడిసిన చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, పిల్లలు వేసిన బొమ్మల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. శరదృతువు పండ్లు అని ఈసారి అంశం ఇచ్చింది మా యాజమాన్యం. క్లాసు క్లాసంతా ఒకే బొమ్మ వేసుకొచ్చింది: వెదురు బుట్ట, బేరిపండ్లు, నల్లద్రాక్ష, చుట్టూ రాలిన ఎర్రటి ఆకులు. ఒకరెవరో ఫోనులో చూసి వేస్తే మిగిలినవాళ్ళు ఆ ఫోనును చేతులు మార్చుకుని ఉంటారు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు. ఈ కావలిలో అట్లాంటి ఎర్రటి ఆకులు ఎవరు చూశారు గనుక? మన సముద్రం పక్కన ఆశ్వయుజం దాటిందంటే ముసురు, తుపాను కబుర్లు, బట్టలారని ఇల్లు. పుస్తకాల్లో చదువుకున్న శరత్కాలపు వెన్నెల నేను చూసింది తక్కువే. మనకు ఆ కాలం పండంటే సీతాఫలం. ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి, ఆ పండు నా బతుకులో చేసిన పని గురించి డైరీలో రాసుకోబోయి, నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే బాగుండునని ఇక్కడ రాస్తున్నాను.

మాది జువ్వలదిన్నెకు ఇవతల చిన్న ఊరు. నాయన వరి పండించేవాడు. నేను నలుగురిలో నోరు విప్పలేని పిల్లను. ఇంటర్ లెక్కల్లో వరసగా తప్పి, ఇంట్లో ఒక మూల బొమ్మలు వేసుకుంటూ, దొరికిన పుస్తకమల్లా చదువుకుంటూ గడిపేదాన్ని. డ్రాయింగు పరీక్ష ప్యాసైతే టీచరు ట్రైనింగుకు పోవచ్చని ఎవరో చెబితే నాయన చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు గాని, ఇదే ఆఖరన్నాడు. ఇది కూడా తప్పితే నెల్లూరులో మా మేనమామ బట్టల కొట్లో కౌంటరు దగ్గర నిలబడాలి. పొద్దస్తమానం కొత్త మనుషులతో మాట్లాడే ఆ పని తలుచుకున్నప్పుడల్లా ఇంకో బొమ్మ మొదలుపెట్టేదాన్ని.

పరీక్షలో ముఖ్యమైనది ఎదురుగా పెట్టిన వస్తువులను చూసి వేయడం. పండ్లు కొనితెచ్చి బొమ్మ కోసం పెట్టుకునే ఇల్లు కాదు మాది, పండు వస్తే తినడానికే. అందుకని కావలిలో ఉండే మా మేనత్త, దసరా బొమ్మల కొలువులో పెట్టే మట్టి పండ్ల బుట్టను నాకిచ్చింది. మట్టి యాపిలు, మట్టి దానిమ్మ, మట్టి మామిడి. కుళ్ళవు, కదలవు, ఎవరూ తినరు. వేసవి నుంచి వాటినే వేశాను. నేను వేసిన ప్రతి పండు మీదా తెల్లటి మెరుపు ఉండేది. అమ్మ ఆ మెరుపుకే మురిసిపోయి, ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

పరీక్ష దగ్గర పడ్డాక అత్త నన్ను కావలిలో ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నా బొమ్మలు ఒక్కొక్కటే తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏమ్మా, మీ ఇంట్లో కిటికీ ఎటుండాది?"

ఎడమవైపని చేత్తో చూపించాను.

"నీడ కుడిపక్కకే పడింది, బాగుండాది. మరి నీ యాపిలు కూడా కుడిపక్కే మెరస్తా ఉందే? గోడకవతల ఇంకో సూర్యుణ్ణి కట్టేసుకోనుండారా?"

అత్త పకపకా నవ్వింది. నాకు అప్పుడు తెలిసింది. పండు నిగనిగలాడాలని, ఆ మట్టి పండ్లు చేసినవాళ్ళు ప్రతిదాని మీదా తెల్లరంగు చుక్క పెట్టారు. నేను ఆ చుక్కనే వెలుగనుకుని, బుట్ట ఎటు తిరిగి ఉంటే అటు వేసుకుంటూ వచ్చాను. అన్ని నెలలు కూర్చుని వెలుతురు ఎటునుంచి వస్తుందో ఒక్కనాడూ చూడలేదు. నిజం పండు ముందు పెట్టుకో తల్లీ అని మాత్రం చెప్పి పంపించారాయన.

ఆ వారమే నాయన ఉదయగిరి వైపు పనిమీద పోయి గోతంలో సీతాఫలాలు తెచ్చాడు. తొక్క మీది కళ్ళు విచ్చిన పచ్చికాయలు. అట్లాంటివాటిని మేం వడ్లలో పూడ్చి మగ్గబెడతాం. అమ్మ గోతం అందుకోబోతే నాయన ఇవ్వలేదు, అమ్మణ్ణి బొమ్మ వేసుకున్నాకే ఎవరైనా తినేది అన్నాడు.

మెరుపన్నది ఎక్కడా లేని పండది. ముసురులో కిటికీ దగ్గర వచ్చే కాస్త వెలుతురులో, కన్నుకూ కన్నుకూ మధ్య సన్నటి నీడ వేయడానికే పూట గడిచిపోయేది. బొమ్మ సగంలో ఉండగానే కాయ రంగు తిరిగేది. పైగా మా ఇంట్లో సీతాఫలం పక్కనుంచి పోతూ బొటనవేలితో నొక్కి చూడకుండా పోగలిగిన మనిషి లేదు. అవ్వ నొక్కేది, అమ్మ నొక్కేది, మజ్జిగ కోసం వచ్చిన ఎదురింటి పెద్దమ్మ కూడా ఒకసారి నొక్కిపోయేది. తెల్లారి చూస్తే కాయలన్నీ సొట్టలు.

"చెయ్యి పెట్టబాకండంటే వినరే!" అని నాయన కసిరితే, "నొక్కకపోతే మాగిందో లేదో ఎట్టా తెలస్తాదిరా? మాగినాక కూడా దాని మొహం చూస్తా కూసోమంటావా?" అని అవ్వ ఎదురు తిరిగేది.

ఇంక లాభం లేదని నేను సొట్టలను కూడా వేయడం మొదలుపెట్టాను. నీడ ఒక గుంటలో ఎట్లా ఒదిగి కూర్చుంటుందో వాళ్ళ వేళ్ళ వల్లే తెలిసింది. పూర్తిగా మాగి విచ్చుకున్నదాన్ని నేనే తీసుకెళ్ళి అవ్వ చేతిలో పెట్టేదాన్ని.

పరీక్షరోజు వాన. ఇత్తడి చెంబు, మడతలు పడ్డ దుప్పటి, కమలాలు, ఒక జామకాయ ఎదురుగా పెట్టారు. మధ్యలో కరెంటు పోయి గదంతా బూడిదరంగుకు తిరిగింది. చాలామంది పెన్సిళ్ళు దించి కరెంటు కోసం చూస్తూ కూర్చున్నారు. నాకది మా కిటికీ దగ్గరి వెలుతురే. చెంబు మీద మెరుపు కనిపించలేదు, వేయలేదు. కాగితం ఇచ్చేటప్పుడు చూస్తే అందరి చెంబులూ తళతళలాడుతున్నాయి, నాది ఒక్కటే మబ్బు పట్టి ఉంది. బట్టల కొట్టు కౌంటరు కళ్ళముందుకొచ్చింది.

నాయన గేటు దగ్గర తలమీద యూరియా గోతం కప్పుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం పండ్లు పెట్టినారు?"

"కమలాలు, జామకాయ."

"ఎవురూ నొక్కలేదు గదా?"

నవ్వాల్సిన మాటకు నాకు ఏడుపొచ్చింది.

ప్యాసయ్యాను. మార్కులు ఎక్కువేమీ రాలేదు గాని ట్రైనింగుకు సరిపోయాయి. కొట్లో నిలబడే బాధ తప్పి, నోరు విప్పి పాఠం చెప్పే ఉద్యోగంలోకే వచ్చిపడ్డాను, అది వేరే సంగతి. ఇప్పుడు బొమ్మ ఒక పీరియడులో అయిపోవాలి, రంగులతో సహా; లేకపోతే తల్లిదండ్రుల గ్రూపులో ఫొటో పెట్టడానికి ఉండదు. నేను నాకోసం పెన్సిలు పట్టి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు. కొట్లో కొన్న పండ్లు వారాల తరబడి రంగు మారకుండా ఉంటున్నాయి, వాటి ఎదుట కూర్చునే తీరిక ఎవరికీ లేదు. ఇంటిల్లిపాదీ నోరు కట్టుకుని, ఒక పిల్ల బొమ్మ ముగించేదాకా మాగే పండును పక్కన పెట్టుకున్న రోజులవి. నా క్లాసులో పిల్లల ఇళ్ళలో అట్లా ఆగే మనుషులున్నారో లేదో నాకు తెలియదు. ఒక్కొక్కరినీ పిలిచి అడగడానికి పీరియడు చాలదు.