పుగెర్ ఇంటి కింద నీళ్ళు

ఇళ్ళు చూపించడంలో రెనింగ్ అబద్ధమాడదని తెగల్ సెలాత్‌లోనే కాదు, చుట్టుపక్కల మూడూళ్ళలో పేరు. ఆ పేరే లేకపోతే ఇంత దూరం వచ్చేది కాదంటాను నేను.

ఎక్కడో చలిదేశంలో ఉన్న ఆఫీసుకి మా బాలిలో కూర్చుని పనిచేసేవాళ్ళకి ఏం కావాలో ఆమెకి కంఠతా వచ్చు. నెట్ గట్టిగా రావాలి, నడుము విరగ్గొట్టని కుర్చీ ఉండాలి, కిటికీలోంచి వరిమడి కనిపించాలి. ఆ మడిలో రైతు మాత్రం పొద్దున్నే మోటారు వేయకూడదు! పదేళ్ళ కిందట వాళ్ళ బట్టలు ఉతికిపెడుతూ మొదలైన మనిషి. ఇవాళ ఆమె వెంటబెట్టుకుని రాకపోతే ఊళ్ళో ఒక్క గది నిండదు. పక్కింటి పుంజు మూడున్నరకే కూస్తుందని, ఎదురింటి కుక్కకి తిక్కని, వెనక స్థలంలో వచ్చే నెల కట్టుబడి మొదలవుతుందని అడక్కుండానే చెప్పేస్తుంది. "తర్వాత ఏడ్చేకన్నా ఇప్పుడే మూతి ముడుచుకోండి" అంటుంది.

అలాంటి మనిషి ఒక్క ఇంటి విషయంలో నోరు కుట్టేసుకుంది.

ఆ ఇల్లు గెడె పుగెర్‌ది. పుగెర్ ఆమె భర్తకి పెదనాన్న కొడుకు, పైగా మా బంజార్‌కి, అంటే మా నలభై కుటుంబాల కట్టుకి, పెద్ద. వాగు అంచున పొలాల కాలువ సొరంగంలా దిగే చోటు ఒకటుండేది. పుగెర్ కాలువని పక్కకి తిప్పించి, సొరంగంలో మట్టి కుక్కించి, పైన సిమెంటు పోసి ఇల్లు లేపాడు. కిందటేడు వానలకి వంటింటి గోడ నిలువునా చీలింది. రెనింగ్ కళ్ళారా చూసింది. వారం తిరక్కుండా దానిమీద సున్నం పడింది, సున్నం మీద నాట్యకత్తె పటం ఒకటి వేలాడింది.

"ఏమ్మా రెనింగ్, మా ఇల్లెందుకు చూపించట్లేదు? మేమేమన్నా పరాయివాళ్ళమా?" అన్నాడు పుగెర్ ఓ రోజు గుడి మెట్ల దగ్గర, నవ్వుతూనే.

ఆ నవ్వులో బెదిరింపు రెనింగ్‌కి అర్థమైంది. బంజార్ వెలేస్తే ఇంట్లో శవం లేచినా మోయడానికి మనిషి రాడు. ఆమె ఇంట్లో ఎనభై మూడేళ్ళ అత్తగారుంది.

"అబ్బే, అదేం లేదు బావగారూ. సరైన మనిషి దొరకాలని చూస్తున్నా."

ఆ సరైన మనిషి రద్కా అయింది. చెక్ దేశపు పిల్ల, ముప్పై దాటి ఉంటాయి. మందుల పెట్టెల్లో పెట్టే హెచ్చరిక కాగితాలని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చడం ఆమె పని. నాలుగిళ్ళు చూసి నాలుగూ వద్దంది. రోడ్డుపక్క ఇంట్లో బండ్ల మోత, ఈతకొలను ఉన్నచోట తాగుబోతుల గోల, ఒకచోట బల్ల లేదు, ఇంకోచోట మధ్యాహ్నమైతే నెట్ పడుకుంటోంది. ఐదోది పుగెర్ ఇల్లు. వరండాలోంచి కిందికి చూస్తే లోయంతా పచ్చటి ఫెర్న్ మొక్కలు, చల్లటి గాలి. రద్కా అక్కడికక్కడే మనసు పారేసుకుంది.

"ఇబూ, మీరు ఉన్నదున్నట్టు చెప్తారటగా. ఈ ఇంటి సంగతేంటి మరి?" అంది. ఇబూ అంటే మా దగ్గర అమ్మగారూ అని.

పుగెర్ గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. రెనింగ్ ఒకసారి అతనికేసి చూసింది.

"కప్పలమ్మా" అంది చివరికి. "వానొస్తే ఒకటే అరుపులు. నిద్ర పట్టదు."

"కప్పలేనా!" అని రద్కా పగలబడి నవ్వి ఆరు నెలలకి సంతకం పెట్టేసింది.

ఆ తర్వాత రెనింగ్ చేసిన పని చూడండి. ఇలాంటి తప్పు మావాళ్ళే చేయాలి, ఇంకెవరి వల్లా కాదు. చెప్పాల్సిన మాట మనిషికి చెప్పకుండా దేవుళ్ళకి చెప్పుకుంది! రోజూ పొద్దున్నే కొబ్బరాకు దొన్నెలో పూలు, చిటికెడు అన్నం, అగరొత్తి పెట్టుకుని వెళ్ళి, ఆ వంటింటి మూల నీళ్ళదేవతకి నైవేద్యం పెట్టి వచ్చేది. పౌర్ణమికి కోడిని కూడా ఇచ్చింది. తన వంతు తాను చేశానని ఆమె మనసు రోజుకో పూట ఊరుకునేది. రద్కా అదంతా తనమీద అభిమానమనుకుని మురిసిపోయి ఫొటోలు తీసుకునేది. తీసుకున్నప్పుడల్లా రెనింగ్ మొహం పక్కకి తిప్పుకునేది.

"దేవతకి చెప్పావు సరే, ఆ పిల్లకి చెప్పావా?" అంది అత్తగారు తమలపాకు నములుతూ.

"నీకోసమే కదా నోరు మూసుకున్నది!"

"నాకోసమా? బాగుందే. చచ్చాక నన్ను కుక్కలు పీక్కుతింటే నాకేం తెలుస్తుంది? నీళ్ళు దారి మర్చిపోవు కోడలా. రెండేళ్ళు ఊరుకుంటాయి, మూడో ఏడు ఇంటికొస్తాయి."

మార్చిలో న్యెపి వచ్చింది. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా దీవి దీవంతా నోరు మూసుకునే రోజు. పొయ్యి రాజెయ్యకూడదు, దీపం పెట్టకూడదు, గడప దాటకూడదు. విమానాలు దిగవు, ఫోన్లలో నెట్ ఉండదు. ముందురోజు సాయంత్రం రెనింగ్ రద్కా దగ్గరికి వెళ్ళింది. రేపు మా ఇంట్లో ఉందువు గాని రా అని పిలుద్దామనే వెళ్ళింది. తీరా అక్కడ పుగెర్ భార్య కూర్చుని పళ్ళు కోస్తోంది. రెనింగ్ నియమాలన్నీ చెప్పి, గేటు దాటొద్దని మరీమరీ చెప్పి తిరిగొచ్చింది. ఛీ, ఏం బతుకిది అనుకుంది దారిపొడుగునా.

న్యెపి నాడు పదింటికి వాన పట్టుకుంది. అలా ఇలా కాదు, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. మామూలుగా ఆ రోజు పిల్లాడి ఏడుపు కూడా నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. ఇప్పుడు వాన తప్ప ఏమీ లేదు. రెనింగ్ పెరటి అరుగు మీద కూర్చుని కాలువకేసే చూస్తోంది. మధ్యాహ్నానికి నీళ్ళు గట్టుదాకా వచ్చాయి. భర్త కెర్త జ్వరంతో లోపల ముసుగుతన్ని పడుకున్నాడు. నాలుగు దాటింది. వాన ఇంకా జోరుగానే ఉంది, కాలువలో నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయి.

ఆమె ముందు నమ్మలేదు. లేచి గట్టు దగ్గరికి వెళ్ళి చూసింది. జానెడు తగ్గింది. చూస్తుండగానే ఇంకో జానెడు. పైన వాన పడుతుంటే నీళ్ళు తగ్గాయంటే ఎగువన కట్ట తెగి ఇంకో దారి పట్టినట్టే. ఆ ఇంకో దారి ఎక్కడికెళ్తుందో ఆమెకి తెలుసు.

ఫోను తీసింది. వానకి సిగ్నల్ కూడా పోయింది. అత్తగారివైపు చూసింది.

"నన్ను చూస్తావేంటే? పో!" అని అరిచింది ముసలావిడ. న్యెపి నాడు ఆ ఇంట్లో అరుపు వినపడటం అదే మొదటిసారి.

ఎవరూ రోడ్డెక్కకుండా బంజార్ తరఫున మలుపు దగ్గర కాపలా ఉన్న జెలాంతిక్ కర్ర అడ్డం పెట్టాడు. "ఎక్కడికి వదినా? ఎవరికన్నా నొప్పులొస్తున్నాయా?"

"పుగెర్ బావగారిల్లు" అంది రెనింగ్ రొప్పుతూ. "కాలువ తగ్గింది."

జెలాంతిక్ కర్ర దించేశాడు. ఎందుకని అడగలేదు, ఏమైందని అడగలేదు. పంచె ఎగగట్టి ఆమెకన్నా ముందే పరుగెత్తాడు. ఊరందరికీ తెలుసన్నమాట, అనుకుంది రెనింగ్ ఆ వెనకే పరుగెడుతూ.

కిటికీలోంచి చూస్తే వంటింటి నేల నోరు తెరిచి ఉంది. అందులోంచి ఎర్రటి నీళ్ళు ఉడికినట్టు పైకి వస్తున్నాయి. చౌకట్టు వంకరపోయి తలుపు బిగుసుకుపోయింది. లోపల రద్కా బల్లెక్కి, కంప్యూటరు సంచీ గుండెలకి కరుచుకుని నిలబడి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. జెలాంతిక్ కర్రతో కిటికీ బద్దలుకొట్టాడు. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగారు. సందు మొదట్లోకి వచ్చేసరికి వెనక ఏదో పెద్దగా మూలిగింది. తిరిగి చూస్తే వంటిల్లు లేదు. పుగెర్ కుటుంబమంతా సందు మొదట్లో తాముండే ఇంటి గేటు లోపల నిలబడి చూస్తోంది, ఒక్కరూ బయటికి రాలేదు.

రెనింగ్ ఇంట్లో ముసలావిడ పొడిబట్ట ఇచ్చింది, చల్లారిన అన్నం పెట్టింది. పొయ్యి వెలిగించకూడదు గనక వేడి టీ కూడా లేదు. రద్కా తినలేదు. రెనింగ్‌ని గట్టిగా పట్టేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మీరు రాకపోతే నేను లేను ఇబూ. మీకెలా తెలిసింది? రోజూ మీరు పూజ చేసే ఆ దేవత చెప్పిందా?"

అవునంటే అయిపోయేది. ఆ పిల్ల నమ్మేది, జన్మంతా తలుచుకునేది. పుగెర్ కూడా సంతోషించేవాడు. రెనింగ్ ఆ తడి జుట్టు మీద చెయ్యి వేసి, తీసేసింది.

"దేవత కాదమ్మా. ఆ ఇంటి కింద నీళ్ళదారి ఉందని నాకు ముందే తెలుసు."

"ముందే అంటే?"

"నీకు ఇల్లు చూపించకముందే. గోడ చీలడం కూడా చూశాను. చెప్పలేదు."

రద్కా చేతులు వదిలేశాయి. చాలాసేపు రెనింగ్ మొహంలోకే చూసింది, అందులో ఇంకెవరో కనిపిస్తారేమోనని వెతుకుతున్నట్టు. తర్వాత లేచి, సంచీ తీసుకుని, ఉత్తకాళ్ళతో గేటుదాకా వెళ్ళింది.

గేటు బయట జెలాంతిక్ నిలబడ్డాడు. "రేపు ఆరింటి దాకా రోడ్డు మీదికి వదలకూడదు వదినా. ప్రాణం మీదికొస్తే వేరు. ఇప్పుడు రాలేదుగా. నువ్వే చెప్పు ఆవిడకి."

ఆ మాట కూడా రెనింగే చెప్పాల్సి వచ్చింది.

రద్కా తిరిగొచ్చి వరండా ఆ చివర కూర్చుంది, గోడకేసి తిరిగి. రెనింగ్ ఈ చివర కూర్చుంది. మధ్యలో ఏడడుగులు కూడా లేవు. చీకటి పడుతోంది, దీపం లేదు. ఏదో అనబోతే రద్కా అటు తిరిగే చెయ్యెత్తి ఆపేసింది.

తెల్లారి ఆరు కావడానికి ఇంకా పన్నెండు గంటలుంది.